మహిళల హ్యాండ్‌బాల్ ప్రపంచ పోటీకి 32 జట్లు కావాలా, 24 చాలా?

బరంపురం బ్యాక్:
2025 నవంబర్ 26 నుంచి డిసెంబర్ 14 దాకా జర్మనీ, నెదర్లాండ్స్‌లో జరిగిన మహిళల ప్రపంచ చాంపియన్‌షిప్ ఫోన్‌లో దొరికినంత వరకు చూశాను. ఫైనల్లో నార్వే జర్మనీని ఓడించింది. ఆ మ్యాచ్ చూస్తే కడుపు నిండింది. మొదటి వారం మాత్రం చాలా మ్యాచ్‌లు సగం ఆటకే తేలిపోయాయి, ఆ తర్వాత చూడబుద్ధి కాలేదు. నా మాట సూటిగా చెప్తాను, 32 జట్లు ఎక్కువ. 2021లో స్పెయిన్‌లో జరిగినప్పుడు 24 నుంచి 32కి పెంచారు. ఆ ఏడాదే మొదటిసారి వచ్చిన ఇరాన్ నార్వే చేతిలో 41-9తో ఓడింది. ఆ అమ్మాయిలు దాన్నుంచి ఏం నేర్చుకుని ఇంటికెళ్ళారు?

ఇంకో సంగతి. యూరప్ అమ్మాయిలకి ఒక ఏడాది చివర ప్రపంచ పోటీ, మరుసటి ఏడాది చివర యూరో (యూరప్ దేశాల పోటీ), మధ్యలో క్లబ్ లీగులు, నాలుగేళ్ళకోసారి ఒలింపిక్స్. ఒంటికి విశ్రాంతి ఎప్పుడు? ఫలితం ముందే తెలిసిన మ్యాచ్‌లు వాళ్ళతో ఎందుకు ఆడించాలి? నేను తొమ్మిదేళ్ళు లెఫ్ట్ బ్యాక్, అంటే ఎడమవైపు దూరం నుంచి గోల్ కొట్టే స్థానంలో ఆడాను, మోకాలి లిగమెంట్ తెగాకే మానేశాను. ఆ నొప్పి నాకు తెలుసు కాబట్టే అడుగుతున్నాను. కాదంటే ఎందుకో చెప్పండి.

కిమిడి మాస్టారు:
తమ్ముడూ, ఆ 41-9 మ్యాచ్ సగమే చెప్పావు. ఆ రోజు ప్లేయర్ ఆఫ్ ద మ్యాచ్ ఎవరికిచ్చారో గుర్తుందా? ఇరాన్ గోల్‌కీపర్ ఫాతిమే ఖలీలీకి. 41 గోల్స్ పడిన గోల్‌పోస్టు ముందు నిలబడ్డ అమ్మాయికి. బహుమతి అందుకుని ఏడ్చేసింది ఆ పిల్ల. నేను పర్లాకిమిడి దగ్గర ఒక స్కూల్లో పీఈటీని, 22 ఏళ్ళ సర్వీసు. ఆ కథ మా టీముకి చెప్తే మిగతా పిల్లలు 41 అనగానే నోళ్ళు తెరిచారు. మా గోల్‌కీపర్ పిల్ల ఒక్కతే, "మరి ఎన్ని ఆపింది సార్?" అని అడిగింది.

ఈ ఆటలో స్కోరు ఎందుకు అంత పెరిగిపోతుందో నీకు నేను చెప్పక్కర్లేదు, తెలియనివాళ్ళ కోసం రాస్తున్నాను. గోల్ పడగానే బంతి మధ్య గీతకి తెచ్చి వెంటనే మొదలుపెట్టొచ్చు, ఎదుటి జట్టు సర్దుకునేదాకా ఆగాల్సిన పని లేదు. బలహీనమైన జట్టు ఒక పాస్ తప్పితే ఎదుటి జట్టు వింగ్ ప్లేయర్, అంటే అంచున ఆడే అమ్మాయి, బంతి అందుకుని పరిగెత్తి నాలుగైదు సెకన్లలో గోల్ కొట్టేస్తుంది. ఫుట్‌బాల్‌లో ఎనిమిది గోల్స్ తేడా ఎలాంటిదో ఇక్కడ ముప్పై అలాంటిది. స్కోరు చూసి ఆట రాదని తేల్చెయ్యకూడదు.

మా వైపు జరిగింది చెప్తాను. ఇక్కడి ఒక టోర్నమెంట్‌కి కొండమీది స్కూలు జట్టుని పిలవడం మానేశారు. ముందు ఏడాది 31-2తో ఓడారు కాబట్టి టైం వేస్ట్ అన్నారు. ఆ జట్టులో ఒక సవర పిల్ల ఉంది, ఎడమచేతి వాటం. రైట్ వింగ్‌లో ఎడమచెయ్యి దొరకడం ఎంత అదృష్టమో ఈ ఆట ఆడిన ఎవరినైనా అడుగు. ఆ మూల నుంచి కుడిచెయ్యి వాళ్ళకి గోల్ సగమే కనిపిస్తుంది, ఈ పిల్లకి మొత్తం కనిపిస్తుంది. పిలవకపోవడంతో ఆ ఏడాది జట్టే లేదు, పిల్ల ఆట మానేసింది. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ నిద్ర పట్టదు. అందుకే 32 కాదు, వీలైతే 40 అన్నా నేను ఒప్పుకుంటాను.

రాయగడ వింగ్:
మాస్టారూ, నమస్తే. మీరంటే గౌరవం ఉంది కానీ ఈ మాట ఒప్పుకోలేను. అలా ఓడిన అమ్మాయిల్లో నేనూ ఉన్నాను. 34-3. ఆ మూడింట్లో రెండు నావే, ఇప్పటికీ లెక్కపెట్టుకుంటాను. ఆ రోజు నాకు ఆట ఏమీ తెలిసిరాలేదు మాస్టారూ. బంతి చేతికొస్తే పారెయ్యాలనే భయం ఒక్కటే నేర్చుకున్నాను, అది పోవడానికి రెండేళ్ళు పట్టింది. ఎదుటివాళ్ళు చేతికి జిగురు రాసుకుని ఒంటిచేత్తో బంతి పట్టేవారు, మేము మగపిల్లల 3వ సైజు బంతితో మట్టి గ్రౌండ్‌లో ప్రాక్టీస్ చేసి వెళ్ళాం. మాకు కావాల్సింది పెద్ద జట్టుతో ఒక మ్యాచ్ కాదు, మా సైజు బంతి, మాలాంటి జట్లతో ఇరవై మ్యాచ్‌లు.

బ్రెజిల్‌ని చూడండి. 2013లో బెల్‌గ్రేడ్‌లో సెర్బియాని 22-20తో ఓడించి ప్రపంచ చాంపియన్ అయింది. అప్పుడు 24 జట్లే. జట్లు పెంచితే గెలిచింది కాదు. ఆ జట్టులో చాలామంది ఆస్ట్రియాలో హైపో అనే ఒకే క్లబ్‌లో కలిసి ఆడేవారు, డెన్మార్క్ కోచ్ మోర్టెన్ సూబక్ ఏళ్ళ తరబడి వాళ్ళని తయారుచేశాడు. 1995లో కొరియా, యూరప్ బయటి నుంచి మొదటిసారి గెలిచిన జట్టు, అప్పుడు జట్లు ఇంకా తక్కువ. గెలిచినవాళ్ళందరి వెనకా ప్రాక్టీసే ఉంది.

జయపురం నుంచి:
చిన్న ప్రశ్న. 2024 డిసెంబర్‌లో ఆసియా చాంపియన్‌షిప్ మన ఢిల్లీలోనే జరిగింది కదా. ఫైనల్లో జపాన్ ఒక్క గోల్ తేడాతో కొరియాని ఓడించింది. మొదటి నాలుగు జట్లు, జపాన్, కొరియా, కజకిస్తాన్, ఇరాన్, ప్రపంచ పోటీకి వెళ్ళాయి. సొంత గడ్డ మీద ఆడి కూడా మన అమ్మాయిలు ఆ నాలుగులోకి రాలేదు. 32ని మళ్ళీ 24 చేస్తే ఆసియా సీట్లలో కోత పడదా? ఇప్పుడే అందని తలుపు ఇంకా పైకి పెడదాం అంటున్నారా? 2022లో అల్మాటీలో మన జూనియర్ అమ్మాయిలు ఆసియా కప్పు గెలిచి జూనియర్ ప్రపంచ పోటీకి స్లొవేనియా వెళ్ళారు. ఆ పిల్లలకి మీరు ఏం చెప్తారు?

బరంపురం బ్యాక్:
జయపురం అన్నా, ఆ సీట్ల సంగతి నేను ఆలోచించలేదు, ఒప్పుకుంటున్నాను. తగ్గిస్తే ముందు పోయేవి యూరప్ సీట్లు కావు, మనవైపువే. అయినా నా బాధ అలాగే ఉంది. ఇప్పుడున్న పద్ధతి చూడండి. నాలుగేసి జట్లతో ఎనిమిది గ్రూపులు. ప్రతి గ్రూపులో మూడు పైకి వెళ్తాయి, అడుగున ఉన్న ఎనిమిది జట్లు ప్రెసిడెంట్స్ కప్ అని విడిగా 25 నుంచి 32 స్థానాలకి ఆడతాయి. అంటే సమానమైన మ్యాచ్‌లు ఆ జట్లకి చివర్లో దొరుకుతున్నాయి, భయం పట్టేసిన తర్వాత. రాయగడ అమ్మాయి చెప్పిన భయం అదే. ఆ ఆట ముందు పెట్టండి. బలహీనమైన జట్లు ముందు తమలో తాము ఆడి, గెలిచినవాళ్ళు నార్వే, ఫ్రాన్స్‌ల ముందుకి రావాలి. అప్పుడు అసలు పోటీలో 24 ఉంటాయి, తలుపూ మూసినట్టు కాదు, పెద్ద జట్ల అమ్మాయిలకి రెండు మూడు మ్యాచ్‌ల బరువూ తగ్గుతుంది.

కిమిడి మాస్టారు:
ముందు తమలో తాము ఆడాలన్నది బాగుంది. కానీ అందులో ఓడినవాళ్ళని నార్వేతో ఆడకుండానే ఇంటికి పంపిస్తావా? అక్కడే నాకు గొంతు పట్టుకుంటోంది. ఖలీలీ అలా ఇంటికెళ్ళి ఉంటే ఆమె పేరు నీకూ నాకూ తెలిసేదా?

రాయగడ అమ్మా, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. 34-3 తర్వాత నీ పక్కన కూర్చుని మాట్లాడినవాళ్ళు ఎవరూ లేరని అర్థమైంది, అది మాలాంటివాళ్ళ తప్పే. 31-2తో ఓడిన ఆ కొండ స్కూలు పిల్లలతో కూడా ఆ సాయంత్రం నేను మాట్లాడలేదు, బస్సు పోతుందని తొందరలో పంపించేశాను.

రాయగడ వింగ్:
మాస్టారూ, మీరు అలా అనకండి, నాకు కష్టంగా ఉంది. బ్యాక్ అన్న చెప్పిన పద్ధతి నాకు నచ్చింది, ఒక్క మార్పుతో. ముందు సమానమైన జట్లతో రెండో మూడో మ్యాచ్‌లు. తర్వాత గెలిచినా ఓడినా ప్రతి జట్టుకీ ఒక పెద్ద జట్టుతో ఒక్క మ్యాచ్. మేము రెండు గెలిచి ఆ జట్టు ముందుకి వెళ్ళి ఉంటే 34-3 అయ్యేది కాదు. ఒకవేళ అయినా నేను అంత బాధపడేదాన్ని కాదు.

గుణుపూర్ అమ్మ:
మా పాప ఎనిమిదో తరగతి, గోల్‌కీపర్. ప్రపంచ పోటీల సంగతి నాకు అంతగా తెలియదు. మా పాపకి ఈ ఏడాది మొత్తం మీద దొరికింది మూడు మ్యాచ్‌లు. పద్ధతి ఏదైనా సరే, ఇంకో మూడు ఉంటే బాగుండు.

కిమిడి మాస్టారు:
ఫిబ్రవరిలో మా స్కూలు గ్రౌండ్‌లో పెడుతున్నాం, శని, ఆదివారాలు. శనివారం కొండ స్కూళ్ళు, చిన్న జట్లు తమలో తాము, జట్టుకి మూడు మ్యాచ్‌లు తగ్గకుండా. ఆదివారం అందరికీ టౌన్ జట్లతో ఒక్కొక్కటి. గుణుపూర్ తల్లీ, పాపని తప్పకుండా పంపించు, రాత్రి పడక మా టీచరమ్మ ఇంట్లో. ఎడమచెయ్యి పిల్ల వాళ్ళ ఊరికి ఈ గురువారం నేనే వెళ్తున్నాను.

బరంపురం బ్యాక్:
నా దగ్గర అమ్మాయిల 2వ సైజు బంతులు మూడున్నాయి, ఒకటి కొత్తది. శుక్రవారం బస్సులో పంపిస్తాను, స్టాండ్‌లో ఎవరైనా తీసుకోండి. అసలు పోటీలో 24 అన్న మాట మీద మాత్రం ఇంకా నిలబడే ఉన్నాను మాస్టారూ.