ఇంట్లో పీసీబీ (సర్క్యూట్ బోర్డు): టోనర్ రాగికి అంటడం లేదు, అంటిన గీతలు ఫెర్రిక్‌లో మాయమవుతున్నాయి

ట్యాంకు నిండింది (ప్రశ్న)

అందరికీ నమస్కారం. మాది తెనాలి దగ్గర పల్లె. డిప్లొమా ఈసీఈ రెండో సంవత్సరం చదువుతున్నాను. మేడ మీది ట్యాంకు నిండగానే మోటారు ఆగిపోయే సర్క్యూట్ ఒకటి జీరో పీసీబీ (గీతలు లేని, వరుసగా రంధ్రాలున్న బోర్డు) మీద కట్టాను, పని చేస్తోంది. ఒక 555 ఐసీ, రెండు బీసీ547 ట్రాన్సిస్టర్లు, 12 వోల్టుల రిలే (కరెంటుతో నడిచే స్విచ్చు), అంతే. కానీ వెనకవైపు అల్లుకున్న తీగలు చూసి మా నాన్న, "దీన్ని మోటారు స్విచ్చు పక్కన బిగిస్తే ఊరుకోను" అన్నారు. అందుకే అసలైన బోర్డు చేద్దామని కూర్చున్నాను.

బోర్డులు గీసే కీక్యాడ్ సాఫ్ట్‌వేర్‌లో గీసి, జిరాక్స్ షాపులో మామూలు ఏ4 కాగితం మీద లేజర్ ప్రింటు తీయించాను. రాగి పొర ఉన్న 1.6 మి.మీ. గ్లాస్ ఎపాక్సీ బోర్డును స్టీల్ పీచుతో తోమి, వంటగట్టు గ్రానైట్ మీద పెట్టి ఇస్త్రీ పెట్టెతో ఒత్తాను. టోనర్ రాగికి అంటుకుంటే, అది కప్పినచోట రాగి గీతలుగా మిగిలి, మిగతాది ఫెర్రిక్ క్లోరైడ్‌లో కరిగిపోవాలి. కానీ కాగితం లాగితే సగం టోనర్ దాంతోపాటే లేచి వస్తోంది. పోయినచోట మార్కర్‌తో దిద్ది ఫెర్రిక్ క్లోరైడ్‌లో వేస్తే, గంట దాటినా బోర్డు మధ్యలో రాగి అలాగే ఉంది; ఈలోగా అంచుల దగ్గరి సన్న గీతలు కరిగిపోయాయి. గీతల వెడల్పు 0.3 మి.మీ. ఒకటి ఐసీ కాళ్ల మధ్యనుంచి పోతోంది. లోపం కాగితంలోనా, ఇస్త్రీలోనా, ఫెర్రిక్‌లోనా?

కోఠి గల్లీ

ఇంత తంటా ఎందుకు తమ్ముడూ? గెర్బర్ ఫైళ్లు (బోర్డు డ్రాయింగు ఫైళ్లు) కంపెనీకి పంపిస్తే రంధ్రాలు వేసి, రాగిని కప్పే ఆకుపచ్చ సోల్డర్ మాస్క్ పూసి, తెల్ల అక్షరాలు అచ్చువేసి బోర్డు ఇంటికే పంపిస్తారు. హైదరాబాద్‌లో బోర్డులు గీయడమే నా ఉద్యోగం. ఇంట్లో చేసినదానికి రంధ్రం లోపల రాగి పూత రాదు, సోల్డర్ మాస్క్ ఉండదు, రెండు వైపులా గీతలు కావాలంటే రెంటినీ సరిగ్గా కలపడమే ఒక యజ్ఞం. ఇదంతా పాతకాలపు సరదా.

వాల్వు సెట్టు

కోఠి గల్లీ గారూ, కుర్రాడు ఈత ఎలాగని అడిగితే మీరు పడవ టికెట్ చేతిలో పెడుతున్నారు. మొదటిసారి గీసిన బోర్డులో ఏదో ఒకటి తేడా రానివాణ్ణి నేను ఇంతవరకూ చూడలేదు. రిలే కాళ్లు కుదరవు, ట్రాన్సిస్టర్ తిరగబడుతుంది. కంపెనీకి పంపితే ఆ సంగతి పార్సిల్ వచ్చాక తెలుస్తుంది, ఇంట్లో చేస్తే ఆ సాయంత్రమే తెలుస్తుంది. రెండో బోర్డు, అందంగా ఉండాల్సిన బోర్డు మీరన్నట్టే బయట చేయించుకోవాలి. అక్కడ మీతో నాకు పేచీ లేదు.

బాబూ, నేను రాజమండ్రిలో రేడియోలు, టీవీలు బాగుచేసినవాణ్ణి. మా రోజుల్లో గోళ్ల రంగులో అగ్గిపుల్ల ముంచి రాగి మీద గీతలు గీసి, రంగు ఆరేదాకా ఈగ వాలకుండా కాపలా కాసేవాళ్లం. నీకు లేజర్ ప్రింటర్ ఉంది, అదృష్టవంతుడివి. నీ మూడు అనుమానాలూ నిజమే గానీ, వాటికంటే ముందు ఆ గ్రానైట్ సంగతి చూడు.

రాయి వేడిని పీల్చేస్తుంది. పైనుంచి నువ్వు ఎంత ఒత్తినా కింద నుంచి అది లాగేస్తూనే ఉంటుంది, టోనర్ కరిగి రాగిని పట్టుకునేంత వేడి నిలవదు. చెక్క పలక మీద దినపత్రిక మడతలు నాలుగు వేసి, దానిమీద బోర్డు పెట్టు. ఇస్త్రీ పెట్టెను కాటన్ దగ్గర ఉంచు, ఆవిరి ఆపెయ్యి. ముందు ఉత్త బోర్డునే కాస్త వేడి చేసి, ఆ తరవాత ప్రింటు బోర్లించు. మొదట కదపకుండా బరువంతా వేసి ఒత్తాలి. రాగిని పట్టుకున్నాక పెట్టె కొసతో అంచులన్నీ తిరిగి రావాలి. అందరూ మధ్యలోనే రుద్దుతారు, వదిలేది అంచుల్లో. కాగితం వీపు మీద గీతల ఆకారం లీలగా తేలిందంటే సరిపోయినట్టు.

తరవాత కాగితం. దాన్ని లాగనే కూడదు, వేడిమీదా వద్దు, చల్లారాకా వద్దు. బోర్డు చల్లబడ్డాక గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు తోమే సబ్బు ఒక చుక్క వేసి పావుగంట నానబెట్టు. బొటనవేలితో రుద్దితే కాగితం పొరలు పొరలుగా ఊడి వస్తుంది. ఏ4 అయితే ఎంత రుద్దినా దాని పీచు టోనర్‌లో ఇరుక్కునే ఉంటుంది. అందుకే పత్రికల్లోని నున్నటి పల్చటి పేజీ వాడతారు. దాని మీద సుద్ద, మట్టి కలిసిన పూత ఉంటుంది. నీళ్లకు ముందుగా వదిలేది అదే, కాబట్టి టోనర్ రాగి మీద మిగిలిపోతుంది. బొమ్మలు తక్కువగా ఉన్న పేజీ ఏరుకుని, పిన్నులు తీసేసి, ఏ4 కొలతకు కత్తిరించి పట్టుకెళ్లు. జిరాక్స్ షాపాయన మెషీన్‌లో పెట్టనంటాడు. అతని భయం అతనిది, ఇరుక్కుంటే బాగు చేయించుకోవాల్సింది అతనే కదా. రద్దీ లేని మధ్యాహ్నం వెళ్లి బతిమాలుకో. టోనర్ ఆదా చేసే సెట్టింగు తీసేయమను, కొలత 100 శాతం ఉంచమను. కొన్ని ప్రింటర్ల టోనర్ ఇస్త్రీ వేడికి సరిగ్గా కరగదు. ఎంత చేసినా అంటకపోతే షాపు మార్చు.

రాగి శుభ్రంగా ఉందో లేదో కంటితో తేల్చకు. తోమిన బోర్డును కుళాయి కింద ఏటవాలుగా పట్టు. నీళ్లు తెగకుండా ఒకే పొరగా జారితే జిడ్డు పోయినట్టు. ఎక్కడైనా పొర చిట్లి చుక్కలుగా ముడుచుకుంటే అక్కడ నీ వేలిముద్ర ఉంది, మళ్లీ తోము. ఆ తరవాత అంచులు తప్ప ముట్టుకోకు.

ఫెర్రిక్ దగ్గరికి వద్దాం. బోర్డు మీద రాగి మందం మామూలుగా 35 మైక్రాన్లు. సరైన ద్రావణంలో అది పోవడానికి పావుగంట, అటూ ఇటూ. గంట పట్టిందంటే ద్రావణం పలచబడిందో, చల్లగా ఉందో, నువ్వు కదపలేదో. అంచుల దగ్గర ద్రవం కదులుతూ కొత్తది చేరుతుంది, మధ్యలో పాతదే నిలిచిపోతుంది. అంతేకాదు, ఫెర్రిక్ కిందికే తినదు, టోనర్ కిందినుంచి పక్కకూ తింటుంది. మధ్యలో రాగి పోవాలని నువ్వు కాచుకున్న ఆ గంటలో అంచు గీతలు రెండు వైపులా అరిగిపోయాయి. ప్లాస్టిక్ డబ్బాను వేడినీళ్ల బేసిన్‌లో పెట్టి ద్రావణం 40 నుంచి 50 డిగ్రీలకు వచ్చాక బోర్డు వెయ్యి, డబ్బాను ఊపుతూ ఉండు. గీతలు లేని ఖాళీ జాగానంతా గ్రౌండ్‌గా (సర్క్యూట్ నెగటివ్‌కు కలిపిన రాగిగా) నింపేస్తే కరగాల్సిన రాగే తగ్గుతుంది. ద్రావణం కూడా ఎక్కువ బోర్డులకు వస్తుంది.

చివరిది నీ డ్రాయింగు. 555 కాళ్ల మధ్య దూరం 2.54 మి.మీ. ప్యాడ్ (కాలు అతికించే రాగి చుక్క) 1.6 మి.మీ. అనుకుంటే రెండు ప్యాడ్ల మధ్య మిగిలేది 0.94. అందులో గీత, దానికి అటూ ఇటూ సందు, మూడూ పట్టాలి. ఇస్త్రీ పెట్టెతో చేసే పనికి అంత సన్నం కుదరదు. ఆ గీత తీసేసి, బోర్డు పైవైపున కత్తిరించిన రెసిస్టర్ కాలుతో జంపర్ (గీతకు బదులు తీగ) వెయ్యి. మిగతా గీతలన్నీ 1 మి.మీ. చేసుకో. ఇంత చిన్న సర్క్యూట్‌కు జాగా కొరత ఏముంది? కింది రాగి పొరను ప్రింటు తీసేటప్పుడు అద్దంలోలాగా తిప్పకు. ఒక మూల ఆ పొరలోనే నీ పేరు పెట్టు: కాగితం మీద తిరగబడి కనిపిస్తే, రాగి మీద సరిగ్గా పడుతుంది.

ల్యాబ్ గది

పాలిటెక్నిక్ ల్యాబ్‌లో పని చేస్తాను. వాల్వు సెట్టు గారు చెప్పినవాటితో ఏకీభవిస్తాను గానీ, ఒకసారి డ్రై ఫిల్మ్‌కు మారితే ఇస్త్రీ పెట్టె వైపు మళ్లీ చూడరు. వెలుతురు తగిలితే గట్టిపడే సన్నటి ఫోటో పొర అది. ఒకవైపు రక్షణ పొర ఒలిచి, బుడగలు లేకుండా రాగి మీద పరిచి వేడితో అతికించాలి. గీతలు పారదర్శకంగా, మిగతాది నల్లగా ప్రింటు తీసిన ఓహెచ్‌పీ ప్లాస్టిక్ షీటు పైన పెట్టి అతినీల లోహిత కాంతి చూపించాలి. ఆ తరవాత రెండో పొర తీసి, లీటరు నీళ్లకు 10 గ్రాముల వాషింగ్ సోడా కలిపి కడిగితే వెలుతురు తగలని భాగం కరిగిపోతుంది. ఇందులో 0.3 మి.మీ. గీత హాయిగా వస్తుంది. ఒలిచేటప్పుడు మాత్రం ట్యూబ్‌లైటు ఆపి పసుపు బల్బు వేసుకోవాలి.

ఫెర్రిక్ గురించి ఇక్కడ ఎవరూ అనని మాటలు కొన్ని. పొడిని నీళ్లలో కొద్దికొద్దిగా వేయాలి, పొడి మీద నీళ్లు పోయకూడదు, బాగా వేడెక్కుతుంది. అల్యూమినియం గిన్నె, స్టీలు సింకు దగ్గరికి రానివ్వకూడదు. కళ్లద్దాలు, గ్లవ్స్ తప్పనిసరి. వాడేసిన ద్రావణంలో కరిగిన రాగి ఉంటుంది. కాలువలో పోస్తే చేపలకు విషం, చెట్టు మొదట్లో పోస్తే చెట్టుకూ మంచిది కాదు. పెద్ద బకెట్‌లో పోసి వాషింగ్ సోడా నెమ్మదిగా కలపండి. బాగా నురగ పొంగుతుంది, బకెట్ అందుకే పెద్దది ఉండాలి. నురగ రావడం ఆగాక అడుగున చేరిన బురదను ఆరబెట్టి, సీసాలో మూసి ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకు ఇవ్వండి.

ట్యాంకు నిండింది

అందరికీ ధన్యవాదాలు. చెక్క పలక మీద, పత్రిక పేజీతో చేసి చూశాను, గీతలన్నీ నిలిచాయి. ఇంకో రెండు సందేహాలు. రంధ్రాలు వేస్తుంటే సన్న బిట్లు విరిగిపోతున్నాయి. మోటారు 1 హెచ్‌పీ. 230 వోల్టుల గీతలు కూడా ఇదే బోర్డు మీద రిలే దాకా తేవచ్చా?

వాల్వు సెట్టు

బిట్టు పక్కకు వంగితేనే విరుగుతుంది. ప్రింటులో ప్యాడ్ మధ్య చిన్న చుక్కంత ఖాళీ ఉండేలా తీయించు. అక్కడ రాగి పోయి సన్న గుంట పడుతుంది, బిట్టు జారకుండా అందులో కూర్చుంటుంది. ఐసీకి, రెసిస్టర్లకు 0.8 మి.మీ., డయోడ్‌కు 1 మి.మీ. సరిపోతాయి. డ్రిల్లును చేత్తో పట్టుకోకు, చిన్న స్టాండులో బిగించు. గాజు పొడి లేస్తుంది, మాస్కు పెట్టుకో.

మోటారు కరెంటు మాత్రం ఈ బోర్డు మీదికి తేవద్దు. 1 హెచ్‌పీ మోటారు మొదలయ్యే క్షణంలో మామూలుగా తీసుకునేదానికి ఎన్నో రెట్లు లాగుతుంది. ఆ చిన్న రిలే కాంటాక్టులు అతుక్కుపోతే ట్యాంకు పొంగినా మోటారు ఆగదు. మోటారుకు వేరే కాంటాక్టర్ (పెద్ద కరెంటును తట్టుకునే రిలే) పెట్టు. నీ రిలే దాని కాయిల్‌ను మాత్రమే నడపాలి. కాయిల్‌కైనా 230 వోల్టులే కాబట్టి ఆ రెండు గీతలకూ మిగతా సర్క్యూట్‌కూ మధ్య 8 మి.మీ. ఖాళీ వదిలి, వీలైతే ఆ ఖాళీ మధ్యలో బోర్డుకు రంపంతో సన్న చీలిక పెట్టు. రిలే ఆగినప్పుడు కాయిల్ నుంచి వచ్చే వోల్టేజి దెబ్బకు ట్రాన్సిస్టర్ పోకుండా, కాయిల్‌కు అడ్డంగా 1ఎన్4007 డయోడ్ ఉందా లేదా చూసుకో, నువ్వు చెప్పిన జాబితాలో అది లేదు. అన్నీ అతికాక రాగి వైపు వార్నిష్ పూత వేసి, మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో బిగించు. కాంటాక్టర్ దగ్గర తీగలు బిగించే పని మీ ఊరి ఎలక్ట్రీషియన్‌తో చేయించు, మెయిన్ తీసేసిన తరవాతే.

కోఠి గల్లీ

ఆ డయోడ్ సంగతి నేనూ గమనించలేదు. బోర్డు పని చేశాక గెర్బర్ ఫైళ్లు ఇక్కడ పెట్టు తమ్ముడూ, బయటికి పంపే ముందు ఒకసారి చూసిపెడతాను.