‘ప్యాక్డ్ ఫైల్ ఈజ్ కరప్ట్’ అంటుంది, ఫ్లాపీ ఖరాబైందా?

ఎనుమాముల అడ్తి:
పొద్దుగాల నుంచి గిదే పని. తక్‌పట్టీలు (రైతులకిచ్చే అమ్మకం లెక్క చీటీలు) కొట్టే పాత డాస్ ప్రోగ్రాం నిన్నటిదాక మంచిగనే నడిచింది. ఇయ్యాల పేరు కొట్టి ఎంటర్ నొక్కంగనే ‘ప్యాక్డ్ ఫైల్ ఈజ్ కరప్ట్’ అని ఒక్క లైను పడి మళ్ల సి ప్రాంప్ట్‌కే వస్తుంది. ఫ్లాపీ నుంచి నాలుగుసార్లు కాపీ చేసిన. స్కాన్‌డిస్క్ పెట్టిన, తప్పేం చూపలే. వైరసా? హార్డ్ డిస్క్ పోతుందా? రైతులు కాయితాల కోసం నిలబడ్డరు.

నక్కలగుట్ట:
ప్రోగ్రాం పేరు ముందు లోడ్‌ఫిక్స్ అని పెట్టి కొట్టు.

కాజీపేట జంక్షన్:
ఫైలు మంచిగనే ఉంది. డాస్ మొదలైతప్పుడు చదివే సెట్టింగుల ఫైలు కాన్ఫిగ్.సిస్‌ల ఏం మార్చినవో చెప్పలేదు.

ఎనుమాముల అడ్తి:
దానికీ దీనికీ ఏం సంబంధం? డాస్ 6.22. మెమరీ సాలుతలేదని రాత్రి అండ్ల మెమరీ డ్రైవర్లు హైమెమ్, ఈఎంఎం386, ఇంక డాస్‌ను పైకి పంపే డాస్=హై,యుఎంబి లైను పెట్టిన. మౌస్ డ్రైవర్ గిట్ల పైకి ఎక్కించిన. ఇప్పుడు మెమ్ కొడితే 605 కేబీ ఖాళీ.

కాజీపేట జంక్షన్:
అదే సంబంధం. ఇంతకుముందు కింది 64 కేబీల డాసే కూసునేది. అది పైకి పోయినంక నీ ప్రోగ్రాం అక్కడికే ఎక్కుతుంది. ఎగ్జ్‌ప్యాక్ అనే టూల్‌తో కుదించిన ప్రోగ్రాం ఫైలు విప్పుకునేటప్పుడు, ఆ కింది జాగల ఉంటే అడ్రసు సున్నా కిందికి దిగుతది, 1 ఎంబీ దగ్గర చుట్టు తిరిగి వస్తదని దాని లెక్క. పాత 8086 ప్రాసెసర్‌కు 20 అడ్రసు లైన్లే గనక అట్లనే తిరిగేది. డాస్=హై అంటే ఏ20 అనే 21వ అడ్రసు లైను తెరిచే ఉంటది, చుట్టు తిరగదు. వేరే జాగ చదివి ‘కరప్ట్’ అంటది. లోడ్‌ఫిక్స్ ఆ 64 కేబీ నింపి ప్రోగ్రాంను దాని మీద ఎక్కిస్తది.

హంటర్ రోడ్:
‘పైకి’ అంటే ఎక్కడికి? డాస్ పోయేది 1 ఎంబీ దాటినంక ఉన్న హెచ్‌ఎంఏకు, 64 కేబీకి 16 బైట్లు తక్కువ. డ్రైవర్లు పోయేది 640 కేబీకీ 1 ఎంబీకీ నడుమ ఉన్న యుఎంబీకి. రెండూ ఒకటి కాదు. 1 ఎంబీ పైనుండే ఎక్స్‌టెండెడ్ మెమరీ వేరు, ఎక్స్‌పాండెడ్ మెమరీ (ఈఎంఎస్) వేరు. రెండోది లోటస్, ఇంటెల్, మైక్రోసాఫ్ట్ కలిసి పెట్టిన పద్ధతి, దాన్ని ముక్కలుగ చూసేతందుకు 640 కేబీకీ 1 ఎంబీకీ నడుమ 64 కేబీ కిటికీ, అంటే పేజీ ఫ్రేం, కావాలె. నీకది అక్కర లేకుంటే ఈఎంఎం386 లైన్ల నోఈఎంఎస్ పెట్టు, ఆ 64 కేబీ యుఎంబీకి దొరుకుతది.

నక్కలగుట్ట:
ఆయన అడిగింది గది కాదు.

హంటర్ రోడ్:
పేర్లు తప్పైతే లైన్లు తప్పైతయి.

ఎనుమాముల అడ్తి:
తక్‌పట్టీలు వస్తున్నయి. ప్రోగ్రాంలను పిలిచే బ్యాట్ ఫైల్ల బిల్లింగు (తక్‌పట్టీలది), లెడ్జర్ రెండు లైన్లకూ లోడ్‌ఫిక్స్ పెట్టిన. ఇప్పుడు లెడ్జర్ ‘ప్రోగ్రాం టూ బిగ్ టు ఫిట్ ఇన్ మెమరీ’ అంటుంది. 605 ఉంది కదా?

కాజీపేట జంక్షన్:
లోడ్‌ఫిక్స్ పెడితే 605 ఉండదు. 640ల నుంచి 64 తీసెయ్, 576 మించి దొరకదు. లెడ్జర్‌కు అసలు ‘కరప్ట్’ ఎర్రర్ రాకుంటే దాని లైన్ల లోడ్‌ఫిక్స్ తీసెయ్. లెడ్జర్‌ను బిల్లింగు మెనూల నుంచి పిలవకు, బిల్లింగు మెమరీల నుంచి దిగదు. బయటికొచ్చి ప్రాంప్ట్ మీద కొట్టు.

నక్కలగుట్ట:
లేకుంటే కుదించిన ఫైలును యుఎన్‌పీ అనే టూల్‌తో విప్పెయ్. ముందు కాపీ ఉంచుకో.

ఎనుమాముల అడ్తి:
లెడ్జర్ ఎల్లింది. థాంక్స్ అన్నా, ప్రింటర్ కాడికి పోతున్న.

హంటర్ రోడ్:
నోఈఎంఎస్ పెట్టినవా లేదా?