అప్‌డేట్: మా ల్యాబ్రడార్ కుక్క మళ్ళీ ఇంటికొచ్చేసింది

న్యూజెర్సీలో చూపు లేనివాళ్లకి దారి చూపే కుక్కల్ని (గైడ్ డాగ్స్) తయారుచేసే సీయింగ్ ఐ అనే సంస్థ కోసం పెంచుతున్న పప్పీ, గైడ్ డాగ్‌గా సెలెక్ట్ కాకపోతే మాకే ఇస్తారా అని అడిగా కదా, ఇస్తారండి, పెంచినవాళ్లకే ఫస్ట్ ఛాన్స్. ఏడెనిమిది వారాల పిల్లగా వస్తే ఏడాది పైనే పెంచాం, మోరిస్‌టౌన్‌లో వాళ్ల దగ్గరికి ట్రైనింగ్‌కి పంపిన రోజు మా పిల్లలు ఒకటే ఏడుపు. అక్కడ ఉడత కనిపిస్తే చాలు ఒంటికి కట్టే పట్టీ (హార్నెస్)తో సహా లాగేస్తోందట, చూపు లేని మనిషిని రోడ్డు దాటించాల్సిన కుక్కకి అది కుదరదు కాబట్టి తీసేశారు, కరెక్టే. ఫోన్ రాగానే మావారు ఇంకో ఖర్చా అని గొణుగుతూనే కారు తాళాలు తీశారు. ఇప్పటికీ సోఫా ఎక్కదు, గిన్నెలో తిండి పోసినా మనం చెప్పేదాకా ముట్టదు. ఉడతల సంగతి మాత్రం షరా మామూలే. అన్నట్టు మా అత్తగారు చాటుగా పెరుగన్నం పెడుతున్నారు, రోజూ పెడితే పర్లేదా, ఎవరైనా చెప్పండి.