పొలంలో ఇసుక మేటకి సాయం ఎవర్ని అడగాలి, కేంద్రాన్నా రాష్ట్రాన్నా?

అందరికీ నమస్కారమండి. మాది శ్రీకాళహస్తి దగ్గర స్వర్ణముఖి ఒడ్డున పల్లెటూరు. 2021 నవంబర్ వరదల్లో ఏరు పొంగి మా నాన్న ఎకరన్నర వరి మడిలో జానెడు పైనే ఇసుక మేట వేసిపోయింది. అప్పట్లో వచ్చి రాసుకుపోయారు గానీ రూపాయి రాలేదు, సగం మడి ఇప్పటికీ బీడే.

మా మామ ఇదంతా ఢిల్లీ వాళ్లే ఇవ్వాలంటాడు. నేను చదివినంతలో, రాష్ట్ర విపత్తు స్పందన నిధిలో మన రాష్ట్రానికి కేంద్రం 75 శాతం, రాష్ట్రం 25 శాతం వేస్తాయి, పంచేది మాత్రం రాష్ట్రమే. అది చాలకపోతే రాష్ట్రం అడిగాక కేంద్ర బృందం వచ్చి చూసి, జాతీయ నిధి నుంచి ఇంకొంత ఇస్తారు. మేట మూడు అంగుళాలు దాటితే తీయించుకోవడానికి చిన్న, సన్నకారు రైతులకు సాయం ఉందని నిబంధనల్లోనే ఉంది.

నా మటుకు డబ్బు ఎక్కణ్ణుంచి వచ్చినా పంపకం రాష్ట్రం చేతిలోనే ఉండాలి, ఎవరి మడి మునిగిందో ఊరికి దగ్గరున్నవాళ్లకే కదా తెలిసేది. కానీ ఆ దగ్గరివాళ్లే పేరు వదిలేస్తే ఎవరి దగ్గరికి పోవాలి? ఇదే నా టెన్షన్.

ఇన్నేళ్ల తర్వాత మళ్లీ అర్జీ పెట్టుకోవచ్చా? 2022 ఏప్రిల్‌లో మేం చిత్తూరు జిల్లా నుంచి తిరుపతి జిల్లాలోకి వచ్చాం, మరి పాత నష్టం జాబితా ఏ కలెక్టరేట్‌లో ఉంటుంది? సమాచార హక్కు కింద అడగాలంటే ఎవరి పేరున రాయాలి? ఇలా తిరిగి సాధించుకున్నవాళ్లు ఉంటే దయచేసి చెప్పండి.