స్వచ్ఛంద సంస్థలో 10 వారాల ఇంటర్న్‌షిప్: చేరే ముందు ఏం తేల్చుకోవాలి, ఎక్కడ దెబ్బతింటారు?

చివరి_సెమిస్టర్ అడిగిన ప్రశ్న

నమస్కారం అండీ. డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నాను. ఒక చిన్న స్వచ్ఛంద సంస్థ ఇంటర్న్‌గా రమ్మంది. 10 వారాలు, వారానికి 20 గంటలు, స్టైపెండ్ లేదు. వాళ్లకు సాయంత్రం పూట పిల్లలకు చదువు చెప్పే కేంద్రం ఒకటి, ఒంటరి వృద్ధులకు నెలనెలా సరుకులు ఇచ్చే కార్యక్రమం ఒకటి ఉన్నాయి. జీతం తీసుకునే సిబ్బంది నలుగురే, మిగతా అంతా వాలంటీర్లు. నా పని ఏంటని అడిగితే "వచ్చాక చూద్దాం, పనికేం కొదవ" అన్నారు. ఇష్టమైతే వారానికి రెండు గంటల వాలంటీర్‌గా కూడా రావచ్చట.

ఈ రెండింటికీ నిజంగా తేడా ఏంటి? చేరే ముందు ఏం అడగాలి? డేటా పని ఇస్తారనుకుంటున్నా, ఎక్సెల్ ఓ మోస్తరుగా వచ్చు. కొత్తవాళ్లు ఎక్కడ తప్పు చేస్తారో చెబితే మేలు.

---

రోస్టర్_బల్ల

"వచ్చాక చూద్దాం" అన్నందుకే వెనక్కి తగ్గక్కర్లేదు. నలుగురితో నడిచే చోట ఇంటర్న్ కోసం ముందే ప్రణాళిక రాసి పెట్టుకునే తీరిక ఎవరికీ ఉండదు. రెండో వారంలో కూడా అదే మాట వినపడితే మాత్రం ఆలోచించండి.

తేడా ఇదీ. వాలంటీర్ ఒక ఖాళీని నింపుతారు. మంగళవారం 5 నుంచి 7 దాకా మూడో బల్ల దగ్గర కూర్చుని లెక్కలు చెప్పాలి, అంతే. మీరు రాకపోతే ఇంకొకరు కూర్చోగలరు. ఇంటర్న్‌కి అలా కాదు. మొదలూ చివరా ఉన్న ఒక పని, ఆ పనిని చూసే ఒక మనిషి, ఏం నేర్చుకోవాలో ముందే ఒక ఒప్పందం ఉండాలి. ఈ మూడూ లేకుండా వారానికి 20 గంటలు వెళ్తున్నారంటే మీరు చేస్తున్నది జీతం లేని ఉద్యోగం.

కాబట్టి ఫోన్‌లో మాట్లాడుకున్నాక మీరే ఒక మెయిల్ రాయండి: "మనం అనుకున్నవి ఇవి, తేడా ఉంటే చెప్పండి" అని. అందులో ఉండాల్సినవి: మిమ్మల్ని చూసేది ఎవరు, వారానికి ఒకసారి ఏ రోజు ఏ టైముకి అరగంట ఇస్తారు, 10వ వారం చివర చేతికి ఏం రావాలి, దాన్ని ఆ తర్వాత వాడేది ఎవరు, దారి ఖర్చులు ఎవరివి, పరీక్షలప్పుడు సెలవు ఎలా, మధ్యలో మానేయాల్సి వస్తే ఎన్ని రోజుల ముందు చెప్పాలి. వీటిలో "ఆ తర్వాత వాడేది ఎవరు" అన్నదానికి ఒక మనిషి పేరు రాకపోతే ఆ పని ఒప్పుకోకండి. ఎవరికీ అక్కర్లేని రిపోర్టులు పుట్టేది అక్కడే.

పని సైజు కూడా లెక్క వేసుకోండి. 10 వారాలు, 20 గంటలు అంటే 200 గంటలు అనిపిస్తుంది. మొదటి రెండు వారాలు చూడటానికి, అర్థం చేసుకోవడానికి పోతాయి, 40 పోయాయి. చివరి వారం అప్పగింతకు, ఇంకో 20. మిగిలిన 140లో మీటింగులకు, ఎవరో రాకపోతే ఆ చోట నిలబడటానికి కనీసం పావు వంతు పోతుంది. మీ చేతిలో ఉన్నది 105 గంటలు. అందులో పట్టే పని ఒక్కటే తీసుకోండి.

స్టైపెండ్ గురించి ఒక మాట. విరాళాలు చాలావరకు ఫలానా పనికే అనే షరతుతో వస్తాయి. పుస్తకాలకని వచ్చిన డబ్బు ఇంటర్న్‌కి ఇస్తే ఆడిట్‌లో సమాధానం చెప్పుకోవాలి. బ్యాంకులో డబ్బుండీ మీకు ఇవ్వలేకపోవడం సాకు కాకపోవచ్చు. దారి ఖర్చు కూడా ఇవ్వలేమంటే రోజులు తగ్గించమని అడగండి. ఐదు రోజులు నాలుగేసి గంటలకు బదులు మూడు రోజులు దాదాపు ఏడేసి గంటలు అంటే ఎవరూ కాదనరు.

సర్టిఫికెట్‌కి ఫీజు అడిగితే, ఒరిజినల్ మార్కుల జాబితాలు తమ దగ్గర పెట్టుకుంటామంటే, ఇంటర్న్‌షిప్ అని పిలిచి ఇంత విరాళం వసూలు చేసి తేవాలని టార్గెట్ పెడితే ఇంకేం ఆలోచించక్కర్లేదు, వద్దని చెప్పేయండి.

వారానికి రెండు గంటల వాలంటీర్ పనిని తక్కువగా చూడకండి. పిల్లల దగ్గర ఆరు నెలలు వారం తప్పకుండా వచ్చే ఒక్కరు, రెండు వారాలు రోజూ వచ్చి మాయమయ్యే ఐదుగురి కంటే ఎక్కువ. కొత్త మనిషికి పని నేర్పడానికి సిబ్బందికి ఆరు గంటలు పడితే, మీరు ఎనిమిది గంటలు చేసి మానేస్తే సంస్థకి మిగిలేది రెండు గంటలే. రాలేకపోతే కనీసం ఒక రోజు ముందు చెప్పండి. బల్ల ఖాళీ అని పిల్లలు వచ్చి కూర్చున్నాక తెలిస్తే సర్దడానికి ఏమీ ఉండదు.

---

గడి_నింపు

డేటా పని అన్నారు కాబట్టి ఆ ముక్క నేను రాస్తా. చిన్న సంస్థల్లో డేటా అంటే నాలుగు రిజిస్టర్లు, ముగ్గురి ఫోన్లలో ఫొటోలు, ఐదారేళ్ల నాటి ఒక షీటు. ముందు చేయాల్సింది: ఉన్నదాన్ని ఉన్నట్టు ఒక కాపీ తీసి, "ముట్టుకోవద్దు" అని పేరు పెట్టి పక్కన ఉంచడం. శుభ్రం చేసేదంతా రెండో కాపీలోనే.

ఇప్పుడు ఎక్సెల్ చేసే అల్లరి. సున్నాతో మొదలయ్యే ఫోన్ నంబరు టైప్ చేస్తే ఆ సున్నాను తినేస్తుంది. సంఖ్యల్లో 15 అంకెల వరకే కచ్చితంగా ఉంచుకుంటుంది, 16 అంకెల గుర్తింపు నంబరు వేస్తే చివరి అంకె సున్నా అయిపోతుంది. పోయింది మళ్లీ రాదు. ఆ నిలువు వరుసల్ని టైపింగ్ మొదలుపెట్టక ముందే టెక్స్ట్‌గా మార్చాలి. తర్వాత మారిస్తే లాభం లేదు. తేదీలు ఇంకో తలనొప్పి: 03/04 అంటే ఒకరికి ఏప్రిల్ 3, ఇంకొకరి కంప్యూటర్‌కి మార్చి 4. ఏడాది ముందు, నెల తర్వాత, రోజు చివర, 2025-04-03 లాగా రాస్తే గొడవ ఉండదు, వరుసలో పెట్టినా సరిగ్గా వస్తుంది. తెలుగు పేర్లున్న సీఎస్‌వీ ఫైలు (గడుల్ని కామాలతో విడదీసిన మామూలు టెక్స్ట్ ఫైలు) నేరుగా తెరిస్తే పిచ్చి గుర్తులు కనిపించొచ్చు. ఫైలు పాడవలేదు, డేటా మెనూ నుంచి దిగుమతి చేసి యూటీఎఫ్-8 (తెలుగు అక్షరాలు సరిగ్గా చదివే పద్ధతి) ఎంచుకోండి. అలా చూసి కంగారులో సేవ్ చేస్తే మాత్రం నిజంగానే పాడవొచ్చు.

ఒక్క నిలువు వరుసనే ఎంచుకుని సార్టింగ్ చేయకండి. ఒకరి పేరు పక్కన ఇంకొకరి మందుల వివరం వచ్చి చేరుతుంది, చూసినవాళ్లకు తేడా తెలియదు.

ఒకే మనిషి పేరు మూడు రిజిస్టర్లలో మూడు రకాలుగా ఉంటుంది, ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక. పేర్లతో జత కలపబోతే జన్మలో తెగదు. ప్రతి మనిషికీ ఒక నంబరు ఇచ్చి, ఇక మీద ప్రతి రిజిస్టర్‌లో ఆ నంబరే రాయించండి. 10 వారాల్లో ఇదొక్కటి చేసి వచ్చినా ఆ సంస్థకి మంచి పనే.

అన్నిటికంటే ఎక్కువ జరిగే తప్పు లెక్కపెట్టడంలో. కేంద్రానికి 40 మంది పిల్లలు నెలలో 20 రోజులు వస్తే హాజరు మొత్తం 800. రిపోర్టులో "800 మంది పిల్లలకు" అని ఎక్కేస్తుంది. ఎవరూ కావాలని అబద్ధం చెప్పరు, కూడికలో వచ్చిన అంకెను అలాగే ఎత్తి రాస్తారు, అంతే. మనుషులు ఎందరు, వచ్చిన సార్లు ఎన్ని అన్నవి రెండు వేరు గడుల్లో పెట్టండి. అలాగే ఖాళీ గడి, సున్నా, "తెలియదు" మూడూ ఒకటి కావు. వయసు తెలియని చోట సున్నా వేస్తే సగటు వయసు పడిపోతుంది.

సర్వే చేయమంటారేమో. 40 ప్రశ్నలకి ప్రశ్నకు అర నిమిషం వేసుకున్నా 20 నిమిషాలు. పలకరింపు, ఇల్లు వెతకడం, వాళ్లు లేకపోతే మళ్లీ వెళ్లడం కలిపితే ఒక మనిషి రోజుకి ఏడెనిమిది చేస్తే గొప్ప. 200 ఇళ్లు నేనొక్కడినే చేస్తానని ఒప్పుకునే ముందు ఇది గుర్తుంచుకోండి. ముందు ఐదారుగురితో అడిగి చూడండి, ఏ ప్రశ్న దగ్గర తడబడుతున్నారో తెలుస్తుంది. "సరుకులు సరిపోతున్నాయా, టైముకి అందుతున్నాయా?" అని ఒకే ప్రశ్నలో రెండు అడిగితే "ఆఁ" అంటారు. ఆ "ఆఁ" దేనికో మీకూ తెలియదు.

---

మెట్ల_మీద

పైన రాసినవాళ్లు చెప్పనిది మనుషులతో ఉండే తీరు. ఇక్కడ తప్పు జరిగితే సరిదిద్దే ఫార్ములా లేదు.

పిల్లల కేంద్రం కాబట్టి చేరిన రోజే వాళ్ల బాలల రక్షణ నియమాలు అడిగి చదవండి. లేవంటే కనీసం ఇవి పాటించండి: మూసిన గదిలో ఒక్క బిడ్డతో ఒంటరిగా ఉండొద్దు, సొంత ఫోన్ నంబరు, సోషల్ మీడియా ఖాతా ఇవ్వొద్దు, ఒక్కరికి మాత్రమే బహుమతులు తేవొద్దు. ఎవరైనా బిడ్డ తనకు జరుగుతున్న హాని గురించి చెబితే వినండి. "ఎవరికీ చెప్పను" అని మాట ఇవ్వొద్దు, గుచ్చి గుచ్చి అడగొద్దు. బిడ్డ అన్న మాటలు అన్నట్టే రాసి, తేదీ, టైము వేసి, సంస్థలో ఆ బాధ్యత ఉన్నవాళ్లకి అదే రోజు చెప్పండి. విచారణ మీ పని కాదు.

ఫొటోలకు అనుమతి అడగడమంటే కెమెరా ఎత్తి "తీసుకోనా?" అనడం కాదు. ఎక్కడ పెడతారో, ఎవరు చూస్తారో చెప్పాలి. పిల్లలైతే పెద్దవాళ్ల సంతకంతో పాటు బిడ్డ కూడా సరే అనాలి. వద్దంటే సరుకులు ఆగవని పైకి చెప్పాలి, ఎందుకంటే ఇచ్చే చేయి అడిగినప్పుడు కాదనడానికి చాలామందికి నోరు రాదు. ఫోన్‌లో లొకేషన్ ఆన్‌లో ఉంటే ఫొటోలోనే ఆ చోటు నమోదు కావచ్చు. ముందు ఆపేయండి. బడి పేరున్న బోర్డు వెనక కనపడకుండా చూసుకోండి.

వృద్ధుల ఇళ్లకు వెళ్తే ఇద్దరుగా వెళ్లండి. మందు మార్చమని, డబ్బు చూసి పెట్టమని అడుగుతారు. రాసుకుని కోఆర్డినేటర్‌కి చెప్పండి, అక్కడ ఏమీ ఒప్పుకోకండి. "వచ్చే నెల నుంచి రెండు సంచులు ఇప్పిస్తా" అని జాలితో అన్న మాట మీరు వెళ్లాక కూడా అక్కడే ఉంటుంది. పేర్లు, నంబర్లు ఉన్న జాబితాను వాట్సాప్ గ్రూపులో పడేయకండి. అందరికీ ఒకే మెయిల్ పంపాలంటే చిరునామాలు బీసీసీలో పెట్టండి, ఒకరివి ఇంకొకరికి కనపడవు.

---

చివరి_సెమిస్టర్

అందరికీ చాలా థాంక్సండీ. ఇవాళ మళ్లీ మాట్లాడాను. హాజరు, సరుకుల లెక్క చూసుకోవడానికి ఒక యాప్ చేసి పెట్టమంటున్నారు. నాకు కోడింగ్ కొంచెం వచ్చు. ఒప్పుకోనా? సర్టిఫికెట్ సంగతి కూడా చెప్పండి.

---

గడి_నింపు

వద్దు. 105 గంటల్లో యాప్ తయారవుతుందేమో, కానీ ఫోన్ అప్‌డేట్ వచ్చి అది ఆగిపోయిన రోజు మీరు ఉండరు. అదే పని ఒక షీటూ, దానికి జతచేసిన ఒక ఆన్‌లైన్ ఫారమూ చేస్తాయి. పాడైతే వాళ్లే బాగుచేసుకోగలరు.

ఆ ఫారం మాత్రం మీ కాలేజీ మెయిల్‌తో తయారు చేయకండి. చదువు అయ్యాక కాలేజీ ఆ ఖాతా మూసేస్తే ఫారం, అందులో చేరిన డేటా దానితోనే పోవచ్చు. మొదటి రోజే సంస్థ ఖాతాతో లాగిన్ అయి చేయండి.

---

రోస్టర్_బల్ల

యాప్ విషయంలో నాది కొంచెం వేరే మాట. వాళ్లు యాప్ అడిగారంటే షీటుతో ఏదో ఇబ్బంది పడుతున్నారన్నమాట, అదేంటో కనుక్కోకుండా వద్దనకండి. సాయంత్రం హాజరు వేసే వాలంటీర్ పక్కన రెండు రోజులు కూర్చోండి. చిన్న ఫోన్‌లో షీటు గడులు కనపడకపోవడమే అసలు బాధ కావచ్చు. అలాంటప్పుడు పైన చెప్పిన ఫారం చాలు.

అప్పగింత కోసం రెండు పేజీలు రాయండి: ఫైళ్లు ఎక్కడున్నాయి, ప్రతి వారం ఏం చేయాలి, ప్రతి నెలా ఏం చేయాలి, ఏది సగంలో ఉంది. 9వ వారంలో ఆ కాగితం ఇంకొకరి చేతికిచ్చి, మీరు పక్కన కూర్చుని నోరు మెదపకుండా వాళ్లతో పని చేయించండి. వాళ్లు ఎక్కడ ఆగి మీ వైపు చూస్తే అక్కడ కాగితంలో ఒక వాక్యం తక్కువైంది. సరిదిద్ది 10వ వారంలో ఇంకోసారి.

సర్టిఫికెట్ కంటే ఉత్తరం మేలు. మొదలైన తేదీ, ముగిసిన తేదీ, మొత్తం గంటలు, చేసిన పని, అది ఇప్పుడు ఎవరు వాడుతున్నారు, సంతకం చేసినవాళ్ల హోదా ఉండాలి. చిత్తుప్రతి మీరే రాసి 8వ వారంలో ఇవ్వండి. చివరి రోజు అడిగితే "బాగా పనిచేశారు" అన్న ఒక్క వాక్యం వస్తుంది. గంటలు ఏ రోజుకారోజు ఒక పుస్తకంలో రాసి వారానికోసారి కోఆర్డినేటర్ చేత పొట్టి సంతకం పెట్టించుకోండి. ఆ మనిషి మధ్యలో ఉద్యోగం మారితే ఉత్తరం రాసే కొత్తవాళ్లకి మీ దగ్గరున్న ఆధారం ఆ పుస్తకమే.