ఐఈఎల్‌టీఎస్ లిజనింగ్: వింటూనే టైపు చేయడం ఎలా?

అందరికీ నమస్కారం. మాది విశాఖపట్నం, గాజువాక. నర్సుగా పనిచేస్తున్నాను. ఇంగ్లిష్ ప్రావీణ్య పరీక్ష ఐఈఎల్‌టీఎస్‌లో అకడమిక్ రకం రాయాలని గట్టిగా అనుకున్నాను. రీడింగ్‌లో 60 నిమిషాలు, 40 ప్రశ్నలు. అది ఎలాగో నెట్టుకొస్తాను. భయమంతా లిజనింగ్ (విని జవాబులు రాసే విభాగం) మీదే. ఆడియో ఒక్కసారే వినిపిస్తారు, నాలుగో భాగంలో ఒకరే ఏకధాటిగా మాట్లాడతారు. నిన్న రాత్రి సాధన చేస్తూ ‘గవర్నమెంట్’ స్పెల్లింగు దగ్గర తడబడ్డాను. తేరుకునేసరికి రెండు జవాబులు దాటిపోయాయి. కంప్యూటర్‌లో రాస్తే చివర్లో జవాబులు సరిచూసుకోవడానికి 2 నిమిషాలే ఇస్తారు. నా టైపింగు చాలా నెమ్మది. కంప్యూటర్‌పై రాసినవారు దయచేసి చెప్పండి: చెవి ఆడియో మీద ఉండగా చేతిని ఎలా అలవాటు చేసుకున్నారు? పక్కవారి కీబోర్డు చప్పుడు ఇబ్బంది పెడుతుందా?