అలమేన్‌లో రొమ్మెల్ ఓటమి: సేనాని లేకనా, పెట్రోలు లేకనా?

గంజాం మ్యాపులు:
బరంపురంలో మన తెలుగు పిల్లల చరిత్ర క్లాసుకు 1942లో ఈజిప్టులో జరిగిన ఎల్ అలమేన్ యుద్ధం మ్యాపు గీస్తున్నాను. అక్టోబరు 23 రాత్రి బ్రిటిష్ సేనాని మాంట్‌గోమరీ దాడి మొదలెట్టేసరికి జర్మన్ సేనాని రొమ్మెల్ ఆస్ట్రియాలో చికిత్సలో ఉన్నాడు కదా. మొదట్నుంచీ యుద్ధరంగంలోనే ఉండుంటే జర్మన్లు నిలదొక్కుకునేవారా?

సిరొంచ మాష్టారు:
లేదండి. 25 సాయంత్రానికే ఆయన తిరిగొచ్చాడు. అప్పటికి పెట్రోలు మూడు రోజుల యుద్ధానికి మాత్రమే ఉంది. మీ మ్యాపులో ముందు ఓడరేవులు పెట్టండి, సేనలు తర్వాత. లిబియా రేవు టోబ్రుక్ నుంచి అలమేన్ 550 కిలోమీటర్ల పైమాటే. ఇంకా పడమర రేవు బెంఘాజీ నుంచైతే దాదాపు వెయ్యి, మీ బరంపురం నుంచి చెన్నై అంత. తెచ్చే పెట్రోల్లో కొంత దారిలో లారీలే తాగేసేవి. ఏ ట్యాంకరు ఓడ ఎప్పుడు బయల్దేరుతోందో శత్రువుల రహస్య సంకేత సందేశాలు విప్పి బ్రిటిష్‌వాళ్లు ముందే తెలుసుకునేవారు. 26న ప్రొసెర్పినా, 28న లూయిసియానో టోబ్రుక్ చేరకుండానే మునిగాయి.

ట్యాంకుల్ని ఒకచోట ఉంచి, దాడి ఎటొస్తే అటు తిప్పడం రొమ్మెల్ పద్ధతి. తిప్పడానికి ఇంధనం లేకే 15వ పాంజర్ (ట్యాంకు) డివిజన్‌ని ఉత్తరాన, 21వ పాంజర్‌ని దక్షిణాన పెట్టారు. 26 రాత్రి 21వ పాంజర్‌ని ఉత్తరానికి పిలిపించాడు, మళ్లీ వెనక్కి పంపలేనని తెలిసే.

పర్లాకిమిడి వాసి:
మాష్టారూ, మీ మాట సగమే ఒప్పుకుంటాను. రొమ్మెల్ బదులు ఉన్న జనరల్ ష్టుమ్మె, గుండ్లు పొదుపు చెయ్యాలని, ఎదురుగా గుమిగూడిన బ్రిటిష్ దళాల మీద మొదటి రాత్రి ఫిరంగులు పేల్చనివ్వలేదు. 24న వైర్‌లెస్ బండైనా వెంట లేకుండా ముందు వరుసకెళ్లి, కాల్పుల్లో చిక్కి గుండెపోటుతో పోయాడు. శవం మర్నాటికి గానీ దొరకలేదు.

ఇక ఇంధన కరువంటారా, అదీ కొంత స్వయంకృతమే. జూన్ 21న టోబ్రుక్ పడగానే మధ్యధరా సముద్రంలో బ్రిటిష్‌వాళ్ల చేతిలో ఉన్న మాల్టా దీవి ఆక్రమణను వాయిదా వేయించి ఈజిప్టులోకి ఉరికింది రొమ్మెలే. తర్వాత ఆయన ఓడల్లో చాలావాటిని ముంచింది మాల్టా విమానాలూ జలాంతర్గాములే.

గంజాం మ్యాపులు:
సరే. మరి నాలుగైదు లక్షల మందుపాతరల్లోంచి ట్యాంకులు ఎలా దాటాయండి?

సిరొంచ మాష్టారు:
ట్యాంకుల కోసం జర్మన్లు పెట్టిన టెల్లర్ మైను మనిషి బరువుకి పేలదు. అందుకని ముందు కాల్బలం నడిచింది (మనుషుల కోసం పెట్టిన ఎస్-మైన్లు వేరే ఉన్నాయనుకోండి). వెనకే సాపర్లు, అంటే మైన్లు తీసే ఇంజనీరు సైనికులు. మైన్ డిటెక్టర్ హెడ్‌ఫోన్లో మోత వినబడ్డ చోట గుర్తు పెట్టాలి, చేత్తో ఇసుక తొలగించాలి, అడుగున ఇంకో ఉచ్చు ఉందేమో తడిమి చూసి అప్పుడు పైకి తియ్యాలి. డిటెక్టర్ పాడైతే బాయినెట్‌తో పొడుస్తూ వెతకడమే. నిటారుగా కాదు, ఏటవాలుగా గుచ్చాలి. మైను నెత్తి మీద ఒత్తిడి పడిందా, అంతే. దారికి రెండుపక్కలా తెల్ల టేపు, దీపాలు. మొదట ఏడు మీటర్ల వెడల్పే. దెబ్బతిన్నది అక్కడే: ముందున్న ట్యాంకు ఆగితే వెనక వరుసంతా దుమ్ములో ఇరుక్కుని, తెల్లారేసరికి జర్మన్ల 88 మి.మీ. ఫిరంగులకు ఎదురుగా దొరికిపోయేది.

పర్లాకిమిడి వాసి:
చివరి మూడు రోజులు విడిగా గీయండి. నవంబరు 2 రాత్రికి రొమ్మెల్ జర్మన్ ట్యాంకు దళం ఆఫ్రికా కోర్‌కు పనికొచ్చే ట్యాంకులు 35కి మించి లేవు. 3న వెనక్కి తగ్గుతుంటే, కదలొద్దని హిట్లర్ ఆజ్ఞ. ఒక రోజు అలా పోయింది. 4 తెల్లవారుజామున తెల్ ఎల్ అక్కాకిర్ గుట్టకు దక్షిణంగా దారి తెరిచిన వాళ్లలో మన 5వ ఇండియన్ బ్రిగేడ్ ఉంది. ఆ బాణం గుర్తు మాత్రం మరిచిపోకండి, చాలా మ్యాపుల్లో కనబడదు.